కొండ దిగుడు సరే, బాత్రూం ఏడున్నది?

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లలో ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టిండు: "అన్నా, అమెరికా మంచు కొండల మీద కుంటోళ్లు జారుడేందో, అది మనకెందుకో నాకు సమజ్ కాలే." అడగాల్సిన మాటే. మైకు ముందు మాట్లాడేటప్పుడు తొందరలో కొన్ని సంవత్సరాలు, కొన్ని లెక్కలు దాటేశాను. అందుకే ఈసారి ఎపిసోడ్‌ను ఉన్నదున్నట్టు దించకుండా కూర్చొని రాశాను. కొత్తవాళ్ల కోసం ఒక మాట. నేను చరిత్ర చదువుకున్నోణ్ని కాదు. ఐటిఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి దుబాయ్ వచ్చినోణ్ని. ఇరవై ఏళ్లుగా సైట్లే. ఇప్పుడు సూపర్‌వైజర్‌ని.

కథ మా చిన్నబావతో మొదలైంది. మా చిన్నక్క భర్త. స్టీల్ ఫిక్సర్. పదేళ్ల కింద ఇక్కడే ఒక సైట్‌లో క్రేన్ మీంచి రాడ్ల కట్ట జారి కాలు మీద పడ్డది. మోకాలు పైన తీసేశారు. కంపెనీ పేరు రాయను, పరిహారం సంగతి ఇంకా నడుస్తనే ఉన్నది. ఊరికి పోయినంక జైపూర్ కాలు పెట్టించుకున్నడు. జైపూర్ కాలు అంటే మన తరంవాళ్లకు వెంటనే 'మయూరి' సినిమా, సుధాచంద్రన్ గుర్తొస్తారు. బావకు కూడా మేమందరం అదే చెప్పినం. "ఆమె డ్యాన్సే చేసింది, నువ్వు నడవలేవా" అని. ఆమెకు తీసింది మోకాలి కింద, బావకు పైన. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో అప్పుడు మాకెవరికీ తెల్వదు. బావ నడుస్తడు. కానీ మెట్లంటే కష్టం, కింద కూర్చునే బాత్రూం అంటే ఇంకా కష్టం. ఎండాకాలం చెమటకు పుండు పడితే కాలు తీసి పక్కన పెట్టి చంక కర్రలతోనే తిరుగుతడు.

ఒకరోజు రాత్రి రూంలో పడుకొని ఫోన్ చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. ఒంటికాలు మనిషి మంచు కొండ మీంచి బాణం లెక్క దిగుతున్నడు. రెండు చేతుల్లో రెండు కర్రలు, వాటి కొసకు చిన్న చిన్న స్కీ పలకలు. బావకు పంపిన. ఐదు నిమిషాల్లో ఫోన్ చేసిండు.

"మస్తుగున్నది రా. గని అంత మీదికి ఎట్ల పోయిండు? పోయినంక బాత్రూం ఏడున్నది?"

నేను నవ్విన. ఆయన నవ్వలే. అప్పుడు గుర్తొచ్చింది. మా మండలం ఫంక్షన్ హాల్‌లో పెండ్లికి పోవాల్సిన రోజు బావ పొద్దున్నుంచి నీళ్లు తాగడు. అక్కడ బాత్రూంలు ఎనిమిది మెట్లు కిందికి ఉంటాయి.

ఆయన అడిగిన రెండు ప్రశ్నలే పట్టుకొని సెలవు రోజుల్లో వెతుక్కుంటూ పోయిన. ఎట్ల ఎక్కారు, బాత్రూం ఎక్కడుంది. ఈ రెండింటికీ జవాబు రావడానికి మనుషులకు దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

స్కీ అంటే మనలో చాలామంది చూసే ఉంటారు, అద్దం అవతల నుంచి. 2005 లో మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో స్కీ దుబాయ్ తెరిచారు. బయట 45 డిగ్రీలు, లోపల మంచు. టికెట్ మన జేబుకు కాదు గానీ అద్దం దగ్గర నిలబడి ఫొటో దిగడానికి పైసలు అడగరు. దాన్ని ఒక పెద్ద కొండంత చేసి ఊహించుకోండి. కింద పార్కింగ్, టికెట్ కౌంటర్, బూట్లు మార్చుకునే గది. మధ్యలో తిండి దొరికే లాడ్జి. పైకి మోసుకుపోయే వేలాడే కుర్చీలు, చెయిర్‌లిఫ్టులు. అదీ స్కీ రిసార్ట్.

ముందు కొండ దిగడం సంగతి. ఇది రిసార్టుల దయతో మొదలవలేదు, యుద్ధంతో మొదలైంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ, ఆస్ట్రియాల్లో కాళ్లు పోగొట్టుకున్న కుర్రాళ్లు చాలామంది చిన్నప్పటి నుంచి స్కీ మీద పెరిగినవాళ్లు. 1942 లో ఫ్రాంజ్ వెండెల్ అనే జర్మన్ చంక కర్రల కింద పొట్టి స్కీలు బిగించాడు. మంచి కాలి కింద ఒక పొడుగు స్కీ, రెండు చేతుల్లో రెండు పొట్టివి. మంచు మీద మూడు గీతలు పడతాయి కాబట్టి దానికి త్రీ-ట్రాక్ అని పేరొచ్చింది. ఆ కర్రలను ఇప్పుడు ఔట్‌రిగ్గర్లు అంటారు. క్రేన్ తిరగబడకుండా పక్కలకు చాపే కాళ్లను మనం సైట్‌లో ఏమంటామో తెలుసు కదా. అదే మాట, అదే పని. ఆస్ట్రియాలో సెప్ ట్స్విక్‌నాగెల్ అనే ఆయనకు రెండు కాళ్లూ లేవు. రెండు కృత్రిమ కాళ్లకు స్కీలు కట్టుకొని దిగడం నేర్చుకున్నాడు. యుద్ధం అయిపోయాక ఆస్ట్రియాలో ఇట్లాంటివాళ్ల కోసం శిక్షణలు నడిచాయి.

కొండను ఎవరూ చెక్కలేదని గమనించండి. వాలు అట్లాగే ఉంది, మంచు అట్లాగే ఉంది. మారింది కర్ర ఒక్కటే. నడవడానికి కాలు కావాలి గానీ జారడానికి బరువు చాలు. నేల మీద పది అడుగులకు ఆయాసపడే మనిషి మంచు మీద పక్కవాడితో సమానంగా పోతాడు. అందుకే ఇది వాళ్లను అంత గట్టిగా పట్టుకుందని నా లెక్క.

అమెరికాలోనూ సైనికులే. కొలరాడో కొండల్లో క్యాంప్ హేల్ అనే చోట పదో మౌంటెన్ డివిజన్ అని ఒక దళాన్ని స్కీ మీద యుద్ధం చేయడానికి తయారు చేశారు. ఇటలీలో కొట్లాడి వచ్చాక వాళ్లలో చాలామంది స్కీ వ్యాపారంలోకే దిగారు. 1962 లో వెయిల్ రిసార్ట్ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడు పీట్ సైబర్ట్. ఆయనకు యుద్ధంలో మోకాలి చిప్ప పగిలిపోయింది. మళ్లీ స్కీ మీద నిలబడలేవన్నారు, నిలబడ్డాడు. అదే దళం నుంచి వచ్చిన జిమ్ వింటర్స్ కాలిఫోర్నియాలో డోనర్ స్కీ రాంచ్ దగ్గర కాలు పోయినవాళ్లకు త్రీ-ట్రాక్ నేర్పాడు. తర్వాత వియత్నాం యుద్ధం నుంచి కాళ్లు లేని కుర్రాళ్లు రావడం మొదలైంది. 1967 లో వాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. తర్వాత దానికి పెట్టుకున్న పేరు నేషనల్ ఇన్‌కన్వీనియెన్స్‌డ్ స్పోర్ట్స్‌మెన్స్ అసోసియేషన్. అంటే 'కొంచెం ఇబ్బంది కలిగిన ఆటగాళ్ల సంఘం'. కాలు పోయినదాన్ని కొంచెం ఇబ్బంది అన్నారు చూడండి! ఈ పేర్ల గొడవ అన్ని చోట్లా ఉన్నదే. మన దగ్గర వికలాంగులు పోయి దివ్యాంగులు వచ్చింది. ఇక్కడ ఎమిరేట్స్‌లో 2017 నుంచి 'అస్హాబ్ అల్ హిమమ్' అంటున్నారు, పట్టుదల గల మనుషులు అని. బావను ఏమని పిలవాలని ఒకసారి అడిగిన. "బావా అని పిలువు" అన్నడు.

ఇక అసలు చోటుకు వస్తా. కొలరాడోలో డెన్వర్ నగరానికి పడమటి దిక్కున కొండల్లో వింటర్ పార్క్ అని ఒక రిసార్ట్ ఉంది. దాని పుట్టుక మనలాంటివాళ్లకు నచ్చుతుంది. 1920 లలో ఆ కొండను తొలిచి మొఫాట్ టన్నెల్ అనే రైలు సొరంగం కట్టారు. పొడవు దాదాపు 10 కిలోమీటర్లు. పాతిక మందికి పైగా కూలీలు ఆ పనిలో చచ్చిపోయారు. 1928 లో రైలు నడిచింది. పడమటి మొగదల దగ్గర కూలీలు ఉన్న క్యాంపు చోటే తర్వాత స్కీ రిసార్ట్‌కు బేస్ అయ్యింది. 1940 లో డెన్వర్ నగరమే దాన్ని తెరిచింది. లేబర్ క్యాంపు మీద లేచిన ఆటస్థలం. సోనాపూర్‌లోనో ముసఫ్ఫాలోనో ఇది చదువుతున్న మీకు ఇంకేం చెప్పాలి.

1970 లో డెన్వర్ పిల్లల ఆసుపత్రి నుంచి 23 మంది పిల్లలు వింటర్ పార్క్ వచ్చారు. అందరూ కాలో చెయ్యో తీసేసినవాళ్లు. వాళ్లకు నేర్పడానికి ముందుకొచ్చింది హాల్ ఓలియరీ అనే స్కీ టీచరు, కెనడా నుంచి వచ్చినాయన. ఆయన రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి. ఒక్కసారి నేర్పి పంపేద్దామని మొదలైన పని అది. పిల్లలు మళ్లీ వస్తామన్నారు. మళ్లీ వచ్చారు. ఓలియరీ ఇక దాన్నే తన బతుకు చేసుకున్నాడు. చూపు లేనివాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో పద్ధతి. చూపు లేని మనిషికి ముందో వెనుకో ఒక మనిషి జారుతూ 'ఎడమకు, కుడికి' అని గొంతుతో దారి చెప్తాడు. తనకు తెలిసిందంతా తర్వాత 'బోల్డ్ ట్రాక్స్' అనే పుస్తకంగా రాశాడు. ఆ చిన్న కార్యక్రమమే ఇప్పుడు నేషనల్ స్పోర్ట్స్ సెంటర్ ఫర్ ది డిసేబుల్డ్. 1976 లో స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్‌లో మొదటి వింటర్ పారాలింపిక్స్ జరిగాయి, 16 దేశాలు వచ్చాయి. 1990 లో దివ్యాంగుల ప్రపంచ స్కీ పోటీలు వింటర్ పార్క్‌లోనే జరిగాయి.

బావ మొదటి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఎట్ల ఎక్కారు?

ఒంటికాలు మనిషికి చెయిర్‌లిఫ్ట్ పెద్ద అడ్డు కాదు. నిలబడతాడు, వెనక నుంచి కుర్చీ వస్తుంది, కూర్చుంటాడు. అసలు ఈ చెయిర్‌లిఫ్ట్ మనుషుల కోసం పుట్టలేదు. 1936 లో ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ దగ్గర జేమ్స్ కర్రన్ అనే రైల్వే కంపెనీ ఇంజినీరు మొదటిది గీశాడు. అంతకుముందు ఆయన ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రం మీద పనిచేసినవాడు. కొక్కేనికి గెల బదులు కుర్చీ వేలాడదీశాడు. అంతే! ఇది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం సైట్ మనుషులకే అర్థమైతది.

కానీ నడుము కింద చలనమే లేని మనిషి? వాళ్ల కోసం 1970 ల చివరిలో సిట్-స్కీ వచ్చింది. కూర్చొని జారే బండి. దీనిలో పెద్ద చెయ్యి పీటర్ యాక్సెల్‌సన్‌ది. అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో క్యాడెట్‌గా ఉండగా 1975 లో కొండ ఎక్కే శిక్షణలో పడి వెన్ను దెబ్బతింది. స్టాన్‌ఫర్డ్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, 'అరోయా' అనే సిట్-స్కీ తయారు చేశాడు. మొదటి బండ్లతో రెండు తిప్పలు. దిగేటప్పుడు వెనక ఒక టీచరు తాడు పట్టుకొని రావాలి. ఎక్కేటప్పుడు ఇద్దరు మనుషులు బండితో సహా మనిషిని ఎత్తి లిఫ్ట్ కుర్చీలో పెట్టాలి. మూటను ఎత్తినట్టు.

1980 లలో మోనోస్కీ వచ్చింది. ఒకటే స్కీ, దాని మీద స్ప్రింగు షాక్ అబ్సార్బర్, పైన డొప్పలాంటి సీటు, చేతుల్లో ఔట్‌రిగ్గర్లు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక చిన్న లీవర్. అది నొక్కితే సీటు పైకి లేస్తుంది. ఆ ఎత్తులో వెనక నుంచి లిఫ్ట్ కుర్చీ సరిగ్గా కిందికి దూరుతుంది. ఎత్తేవాళ్లు అక్కర్లేదు. లిఫ్ట్ నడిపేవాడు కొంచెం స్పీడు తగ్గిస్తే చాలు. తొక్కుతూ పోయే చిన్న లీవరే గానీ, 'నన్ను ఎత్తండి' అని అడగాల్సిన అవసరం దానితో పోయింది. బావకు ఇది చెప్తే చాలాసేపు మాట్లాడలే. ఆయన్ని ఆసుపత్రి మంచం మీంచి నలుగురం ఎత్తిన రోజులు గుర్తొచ్చినయేమో.

రెండో ప్రశ్న బాత్రూం. ఇక్కడే మన పని వస్తుంది.

కొండ మీద స్వేచ్ఛగా తిరిగే మనిషి కింద లాడ్జి తలుపు దగ్గర ఆగిపోతాడు. మూడు మెట్లు, చక్రాల కుర్చీ పట్టని సన్న తలుపు, తిరగడానికి జాగా లేని బాత్రూం. కర్రకు స్కీ బిగించుకోవడం ఒక మనిషి తన చేతులతో చేసుకోగలడు. గోడ మాత్రం ఎవరిదో, దాన్ని పగలగొట్టాలంటే చట్టం కావాలి.

దానికి కొలత ముందు వచ్చింది, చట్టం తర్వాత వచ్చింది. ఇల్లినాయ్ యూనివర్సిటీలో టిమోతీ న్యూజెంట్ అనే ఆయన 1948 నుంచి చక్రాల కుర్చీ విద్యార్థుల కోసం పనిచేశాడు. వాళ్లలో చాలామంది యుద్ధం నుంచి వచ్చినవాళ్లే. ర్యాంపు ఎంత వాలు ఉంటే మనిషి తనంతట తాను ఎక్కగలడో పరీక్షించి చూశారు. 1961 లో ఏ117.1 అనే స్టాండర్డ్ వచ్చింది. ర్యాంపు 12 అడుగుల పొడవుకు ఒక అడుగు కంటే ఎక్కువ లేవకూడదు. 1:12.

ఈ నంబరు దగ్గర నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కింద ఒక హోటల్ పనిలో ముందు ద్వారం దగ్గర ర్యాంపు పోయాలి. ఎత్తు 45 సెంటీమీటర్లు. డ్రాయింగ్ ప్రకారం 5.4 మీటర్ల పొడవు రావాలి. సైట్‌లో చూస్తే ప్లాంటర్ గోడ అడ్డం వచ్చి 4.2 మీటర్లే మిగిలింది. గోడ జరపాలంటే మళ్లీ పేపర్లు, అప్రూవల్. నేను 4.2 లోనే పోయించిన. "ఎవడొస్తడు దీని మీదికెళ్లి" అన్న. నా నోటితోనే అన్న. కన్సల్టెంట్ లెవెల్ పెట్టి చూసి రిజెక్ట్ చేసిండు. రెండు రోజులు బ్రేకర్ పెట్టి పగలగొట్టినం, గోడ జరిపినం. ఆయన్ని తిట్టుకున్న కూడా. అప్పటికి బావ కాలు పోయి మూడేళ్లు.

స్టాండర్డ్ ఉన్నంత మాత్రాన ఎవరూ కట్టరు, నాలాంటోళ్లు ఉంటారు కదా. 1973 లో అమెరికాలో పునరావాస చట్టం వచ్చింది. అందులో 504 సెక్షన్: సర్కారు సొమ్ము తీసుకునే ఏ సంస్థా వైకల్యం పేరు చెప్పి ఎవర్నీ బయట పెట్టకూడదు. కానీ దాన్ని అమలు చేసే నియమాల మీద నాలుగేళ్లు సంతకం పడలేదు. 1977 ఏప్రిల్ 5 న శాన్ ఫ్రాన్సిస్కోలో దివ్యాంగులు ఒక సర్కారు ఆఫీసులోకి పోయి కూర్చున్నారు. రాత్రీ పగలూ అక్కడే. ముందుండి నడిపినవాళ్లలో ఒకామె జూడీ హ్యూమన్, చిన్నప్పుడు పోలియో వచ్చినామె. బ్లాక్ పాంథర్ పార్టీవాళ్లు లోపల ఉన్నవాళ్లకు వేడివేడి తిండి తెచ్చి పెట్టారు. ఏప్రిల్ 28 న సంతకం పడింది.

అది సర్కారు సొమ్ము తినేవాళ్లకే. హోటల్, రెస్టారెంట్, ఆటస్థలం లాంటి ప్రైవేటు వ్యాపారాలకు ఇంకో చట్టం కావాల్సొచ్చింది. అది కాంగ్రెస్‌లో ఆగిపోతే 1990 మార్చి 12 న కొందరు తమ చక్రాల కుర్చీలు, కర్రలు కింద వదిలేసి వాషింగ్టన్‌లో కాపిటల్ భవనం మెట్లు పాకుతూ ఎక్కారు. చిన్న పిల్లలు కూడా ఉన్నారు. ఆ ఫొటోలు చూడండి, నేను వర్ణించను. జులై 26 న అధ్యక్షుడు జార్జ్ బుష్, అంటే పెద్దాయన, ఏడీఏ చట్టం మీద సంతకం చేశాడు.

దానితోటి కొలతలు అందరికీ వర్తించాయి. ర్యాంపు 1:12. ఒక్క దమ్ములో 30 అంగుళాల కంటే ఎక్కువ ఎక్కించకూడదు, ఆ తర్వాత 60 అంగుళాల చదును ఉండాలి, మనిషి ఊపిరి తీసుకోవడానికి. తలుపు తెరిచాక 32 అంగుళాల ఖాళీ. బాత్రూంలో కుర్చీ తిరగడానికి 60 అంగుళాల గుండ్రం జాగా. రిసార్ట్ లాడ్జీ అయినా సరే, కొత్తగా కడితే ఇవి ఉండాల్సిందే. పాత బిల్డింగులకు మాత్రం, పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినంత చేయండి అన్నారు. ఆ 'చేయగలిగినంత' అనే మాటలో ఎన్ని మెట్లు మిగిలిపోతాయో కాంట్రాక్టర్లతో పనిచేసినవాళ్లకు తెలుసు. పైగా మంచు కొండ. ర్యాంపు సరిగ్గానే కట్టి, రాత్రి కురిసిన మంచు పొద్దున తీయకపోతే అది గోడతో సమానం. పార చేతిలో ఉన్న మనిషి కూడా ఈ చరిత్రలో భాగమే, ఆయన పేరు మాత్రం ఎక్కడా కనపడదు.

బావకు ఫోన్‌లో ఇదంతా చెప్పిన. విని "గయితే అమెరికల బాత్రూం దొరికింది. మన ఫంక్షన్ హాల్ల ఎప్పుడు?" అన్నడు.

పోయిన సెలవుకు ఊరికి పోయినప్పుడు టేపు పట్టుకొని హాల్‌కు పోయిన. ఎనిమిది మెట్లు, ఒక్కోటి ఆరున్నర అంగుళాలు. మొత్తం 52. 1:12 లెక్కన 52 అడుగుల ర్యాంపు కావాలి, మధ్యలో ఐదడుగుల చదును. ఓనర్ నా కాగితం చూసి, "అంత జాగా ఏడున్నది అన్నా, కార్లు ఏడ వెడతరు?" అన్నడు. నిజమే, లేదు. రాత్రి కూర్చొని ఇంకోటి గీసిన. చేతులు కడుక్కునే చోటు పక్కన, హాల్ లెవెల్‌లోనే ఒకే ఒక బాత్రూం. ఐదడుగుల జాగా, వెస్టర్న్ కమోడ్, గోడకు రెండు పట్టుకునే పైపులు, బయటికి తెరుచుకునే తలుపు. పైపులైను అక్కడికి ముందే ఉంది కాబట్టి ఖర్చు పెద్దది కాదు. మేస్త్రీతో అంచనా కూడా రాయించి ఇచ్చిన.

ఓనర్ ఇంకా సరే అనలేదు, కాదని కూడా అనలేదు. చిన్నక్క బిడ్డ పెండ్లి వైశాఖంలో, ఆ హాల్‌లోనే. వారానికోసారి ఫోన్ చేస్తున్న.